మిషనరీ ఫాదర్ బిషప్ కావడం ప్రమోషనా?

ప్రశ్న: మా తమ్ముడు డిగ్రీ అవగానే మిషనరీ సభలో చేరతానంటున్నాడు, ఆఫ్రికా పంపినా వెళ్తాడట. అమ్మ రెండు రోజులుగా సరిగ్గా అన్నం తినడం లేదు. బాబాయేమో "పోనీలే వదినా, రేపు బిషప్ అవుతాడు" అని సర్దిచెబుతున్నాడు. నిజంగా అది ఆఫీసులో ప్రమోషన్ లాంటిదేనా?

జవాబు: కాదండీ. దానికి అప్లికేషన్ ఉండదు, సీనియారిటీ లిస్టూ ఉండదు. 35 ఏళ్లు నిండాలి, గురుపట్టం పొంది, అంటే ఫాదర్ అయి, కనీసం 5 ఏళ్లు కావాలి, నియమించేది పోపు గారు. పునీత డానియేల్ కొంబోని జీవితం చూడండి. 1831లో ఇటలీలో గార్డా సరస్సు ఒడ్డున లిమోనే అనే ఊళ్లో పుట్టారు, నాన్న తోటపని చేసేవారు, ఎనిమిది మంది పిల్లల్లో బతికి బట్టకట్టింది ఈయనొక్కరే. అలాంటి కొడుకు 1857లో సూడాన్‌కు బయలుదేరారు. తెల్ల నైలు ఒడ్డున దింకా అనే తెగ ప్రజల మధ్యకు చేరిన కొన్ని వారాలకే తోటి ఫాదర్ ఒలిబోని చనిపోయారు. 1858 జూలైలో ఇంటి దగ్గర అమ్మ పోయింది, ఆ కబురు నైలు దాటి ఈయనకు అందేసరికి నెలలు గడిచిపోయాయి. 1877లో బిషప్ అయ్యారు సరే, మరుసటి ఏడు సూడాన్‌లో అడుగుపెట్టేసరికి ఎదురైంది కరువు, రోగాలు, అప్పులు. 1881లో ఖార్టూమ్‌లోనే కన్నుమూశారు, అప్పటికి 50 ఏళ్లే. దీన్ని ప్రమోషన్ అని ఎలా అనగలం?

ఇంకొకరు: ఒక చిన్న మాట. ఆయన పదవి పేరు అపోస్తలిక వికార్. పూర్తి మేత్రాసనం (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం) ఇంకా ఏర్పడని చోట పోపు గారి తరఫున బాధ్యత చూసే బిషప్ అన్నమాట. మన విశాఖపట్నం కూడా 1850 నుంచి 1886లో మేత్రాసనం అయ్యేదాకా అలాగే నడిచింది, ఫ్రాన్స్‌లోని అన్నెసీ నుంచి వచ్చిన ఫాదర్లే చూసుకున్నారు. కొంబోనిలో నాకు బాగా నచ్చేది 1864లో ఆయన రాసిన ప్రణాళిక: ఆఫ్రికాను ఆఫ్రికా వాళ్లే నిలబెట్టుకోవాలని. బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చిన దింకా కుర్రాడు డానియేల్ సొరూర్‌ను చేరదీసి చదివించారు, అతను 1887లో ఫాదర్ అయ్యాడు. ఆ రోజు చూడటానికి కొంబోని లేరు.

ప్రశ్న అడిగినవారు: అమ్మకు అంతా చదివి వినిపించాను. ఎనిమిది మంది పిల్లల దగ్గరే ఆగిపోయి "ఆ తల్లి ఒప్పుకుందా?" అంది.

జవాబు: ఒప్పుకుందమ్మా. అమ్మానాన్నల్ని ఒంటరిగా వదిలి వెళ్లడం ఎలాగని కొంబోనియే చాలా నలిగిపోయారు, ఇంట్లో సరేనన్నాకే కదిలారు. మీ తమ్ముడిని కూడా ముందు అమ్మ పక్కన కూర్చుని మాట్లాడమనండి.