కథకి లెక్క కావాలి: భవిష్యత్తు నుంచి ఓడలోకి వచ్చినవాళ్లను స్టోర్ కీపర్ ఎలా పట్టుకుంటాడు?

గోడౌన్ తాత:

అందరికీ నమస్కారం. ఒక కథ రాస్తున్నాను, ఒకచోట లెక్క తేలడం లేదు. తెలిసినవాళ్లు కాస్త సాయం పట్టండి.

ముందు నా సంగతి. 31 ఏళ్లు బియ్యం గోడౌన్‌లో స్టాక్ రిజిస్టర్ రాశాను. సైన్సు ఇంటర్‌తో సరి. అందుకే నా కథలో హీరో కూడా స్టోర్ కీపరే. భూమి పోయింది (ఎలా పోయిందో మూడు లైన్లలో తేల్చేశాను, నాకు ఆ గొడవ ఎక్కదు). మిగిలిన 500 మంది అంతరిక్ష ఓడెక్కి, సూర్యుడి తర్వాత మనకి దగ్గరి నక్షత్రమైన ప్రాక్సిమా సెంటారీకి బయల్దేరారు. 4.24 కాంతి సంవత్సరాల దూరం. సెకనుకు 3,000 కిలోమీటర్లు, అంటే కాంతి వేగంలో నూరో వంతు వేసుకున్నా 424 ఏళ్లు. ఎక్కినవాళ్లు దిగరు, వాళ్ల మునిమనవలూ దిగరు. ఇలాంటి ప్రయాణం 6,300 ఏళ్లు సాగినా 98 మందితో మొదలుపెడితే చాలని 2018లో ఇద్దరు పరిశోధకులు లెక్కగట్టారట. నాకది మరీ పిసినారి లెక్క అనిపించి 500 వేశాను.

ప్రయాణం మొదలైన 160వ ఏట ఒక అక్కా తమ్ముడూ కాలంలో వెనక్కి, 40వ ఏటికి వస్తారు. నీళ్ల ట్యాంకు వెనక దాక్కుంటారు. రాత్రిపూట స్టోర్‌లో బియ్యం తీసుకుని వండుకుంటారు. మనిషికి రోజుకి అరకిలో చొప్పున ఇద్దరికీ ఏడాదికి ఏడు బస్తాల పైన.

నా టెన్షన్ ఇక్కడే. ఏడు బస్తాలంటే ఏముంది, తరుగులో కలిసిపోతుంది. ఎలుక తింటుంది, పురుగు పడుతుంది, హమాలీ కొక్కెం గట్టిగా గుచ్చితే లారీ నుంచి బస్తాల నెట్టు దాకా గింజలు కారుతూనే ఉంటాయి. నా సర్వీసులో తరుగు లేని నెల చూడలేదు. మరి నావాడికి అనుమానం ఎలా రావాలి?

అత్తిలి అమ్మాయి:

తాతయ్యా, ఈ కథ మన భాగవతంలో ఉండనే ఉంది కదా! రేవతికి సంబంధం అడగడానికి వాళ్ల నాన్న కకుద్మి బ్రహ్మలోకం వెళ్తాడు. అక్కడ పాట అవుతుంటే కాసేపు ఆగుతాడు. ఈలోపు కింద 27 చతుర్యుగాలు అయిపోతాయి. అనుకున్న పెళ్లికొడుకులెవరూ మిగల్లేదు. చివరికి బలరాముడికిచ్చి చేశారు. మీ పిల్లలు కూడా అలాగే రావచ్చు.

ఫిజిక్స్ మేడం:

అత్తిలి అమ్మాయీ, అది ముందుకి వెళ్లడం. అది నిజంగానే జరుగుతుంది. క్రికల్యోవ్ అనే రష్యన్ వ్యోమగామి మొత్తం 803 రోజులు కక్ష్యలో గడిపితే, ఆయన గడియారం మనకన్నా సెకనులో యాభయ్యో వంతు వెనకబడింది. వెనక్కి రావడం ఎవరూ చేసి చూపించలేదు. కథ కాబట్టి తాతగారికి వదిలేద్దాం.

తాతగారూ, మీ లెక్కలో పెద్ద తప్పు ఒకటుంది, ఏమీ అనుకోకండి. ఓడలో తిన్నది పోదు. మీ గోడౌన్‌కి తలుపుంది, ఓడకి లేదు. పిల్లలు తిన్న అన్నం, తాగిన నీళ్లు, వదిలిన ఊపిరి అన్నీ మళ్లీ నీళ్లలోకి, మొక్కల్లోకి చేరాల్సిందే. బియ్యం డబ్బాలో తగ్గినట్టు కనిపిస్తుంది గానీ మొత్తం ఓడని కాటా మీద పెడితే తిన్నందువల్ల గ్రాము కూడా తగ్గదు.

పైగా పెరుగుతుంది! ఇద్దరి బరువు ఎంత పెట్టారు?

నైట్ షిఫ్ట్:

నాదొక డౌట్. ఆ వేగంతో ఓడ రోజుకి దాదాపు 26 కోట్ల కిలోమీటర్లు కదులుతుంది. 120 ఏళ్లు వెనక్కి వెళ్తే ఓడ 1.2 కాంతి సంవత్సరాలు వెనకాల ఉంటుంది. పిల్లలు ఉన్నచోటే దిగితే చుట్టూ శూన్యమే కదా, ఊపిరాడక పోరూ?

ఫిజిక్స్ మేడం:

నువ్వు కదులుతోందన్నది సూర్యుణ్ణి పట్టుకుని కొలిస్తే. ఓడలోవాళ్లకి ఓడ ఆగే ఉంది, సూర్యుడే వెనక్కి పోతున్నాడు. రెండూ సరైన లెక్కలే. యంత్రం ఓడకి బిగించి ఉంది కాబట్టి ఓడలెక్కనే తీసుకుంటుందని తాతగారు ఒక్క వాక్యం రాస్తే చాలు.

గోడౌన్ తాత:

మేడం గారూ, మీ మాట చదివి కుర్చీలోంచి లేచాను. అక్క 58, తమ్ముడు 46. మొత్తం 104 కిలోలు.

అంటే నావాడి రిజిస్టర్‌లో తరుగు కాదు, మిగులు వస్తుందన్నమాట. అమ్మా, మిగులు ఎంత భయమో మీకు చెప్పాలి. ఒక ఏడు జులైలో ముసురు పట్టి రెండు వారాలు వదల్లేదు. బియ్యం తేమ లాగింది. తనిఖీకి వచ్చి తూస్తే లెక్కకన్నా నాలుగు బస్తాలు ఎక్కువ తేలాయి. తక్కువొస్తే ఎలుకల మీదకి తోసేయొచ్చు. ఎక్కువొస్తే ఎవరి మీదకి తోస్తాం? కార్డుదారులకి తక్కువ తూచి దాచానన్నారు. సంజాయిషీ రాసి, తేమ మీటరు రీడింగులు జతచేసి, ఆర్నెల్లు తిరిగాను. అప్పటినుంచీ వానాకాలం వస్తే నాకు నిద్ర పట్టేది కాదు.

నైట్ షిఫ్ట్:

500 మంది ఉన్న ఓడలో 104 కిలోలు దొరుకుతాయా బాబాయ్? గోడల్లో ఎంతో, పైపుల్లో ఎంతో.

ఫిజిక్స్ మేడం:

దొరకడం కష్టమే, కానీ ఓడ అన్నాక అదే కదా పని. అరిజోనాలో బయోస్పియర్ 2 అని ఒక గాజు భవనం కట్టి 1991 సెప్టెంబరులో ఎనిమిది మందిని లోపలుంచి మూసేశారు. గాలిలో దాదాపు 21 శాతం ఉండాల్సిన ఆక్సిజన్ పదహారు నెలల్లో 14 దాకా పడిపోయింది. 1993 జనవరిలో బయటినుంచి ఎక్కించాల్సి వచ్చింది. మట్టిలోని సూక్ష్మజీవులు ఆక్సిజన్‌ని పీల్చి కార్బన్ డయాక్సైడ్ వదిలితే, దాన్ని కాంక్రీటు తాగేసింది. గోడలు దొంగలని తేలేసరికి చాలాకాలం పట్టింది. వాళ్లకి బయటుంది కాబట్టి ఎక్కించారు. మీ ఓడకి బయట ఏమీ లేదు. అంచేత అక్కడ ప్రతి గోడా, ప్రతి పైపూ లెక్కలోకి వస్తుంది.

ఇంకోటి. ఆ పిల్లలు ప్రయాణం 40ల ఏళ్లలోనే చనిపోయి అదే మట్టిలో కలిశారనుకోండి. ఆ 104 ఓడలోనే ఉండిపోతుంది.

అత్తిలి అమ్మాయి:

అయ్యబాబోయ్, ఆ మట్టిలో పండిన అన్నమే వాళ్ల ముత్తాత తింటాడా?

ఫిజిక్స్ మేడం:

తినే అవకాశం బాగానే ఉంది.

గోడౌన్ తాత:

రాత్రంతా దీని మీదే కూర్చున్నాను. ఈవిడ లైటు ఆపమని మూడుసార్లు అరిచింది.

నావాడు 40వ ఏట "మిగులు 104 కిలోలు, కారణం తెలియదు" అని ఎర్ర సిరాతో రాస్తాడు. ఛార్జి అప్పగించేటప్పుడు కొత్తవాడు సంతకం పెట్టనంటాడు. నేనూ పెట్టేవాణ్ణి కాదు. చివరికి పెడతాడు. అలా ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి 120 ఏళ్లు ఆ 104 ముందుకి జమ అవుతూ వస్తుంది. 160వ ఏట అక్కా తమ్ముడూ యంత్రం ఎక్కి మాయమైన రోజున ఓడ బరువు సరిగ్గా 104 తగ్గుతుంది. రిజిస్టర్ నిల్!

మధ్యలో ఎవడో తెలివైన స్టోర్ కీపర్ కనిపెట్టేస్తాడు, ఈ బరువు మనిషిదని, ఎప్పుడో ఇక్కణ్ణించి బయల్దేరేవాడిదని. ఇక అప్పట్నుంచీ వీళ్లు ఏటా జనాన్ని కాటా ఎక్కిస్తుంటారు, 104 కిలోల మనిషి కోసం. రేషన్ తిండి మీద అంత మనిషి ఎక్కడ తయారవుతాడు? డెబ్బై కిలోలు దాటినవాడే లేడు. ఇద్దరు కావచ్చని ఒక్కడికీ తట్టదు.

ఇక మేడం గారు ఒక్కటి చెప్పాలి. బయల్దేరే రోజు పొద్దున పిల్లలు టిఫిన్ తిని ఎక్కితే తేడా వస్తుందా? ఇడ్లీలు తూచి రాయాలా?

ఫిజిక్స్ మేడం:

రాయాలి తాతగారూ. తాగిన నీళ్లు కూడా.