ఖర్చులో కొంత సేవా సంస్థకు వెళ్లే క్రెడిట్ కార్డు: తీసుకోవచ్చా, వద్దా?

మంగళగిరి_శీను:
ఒక బ్యాంకు వాళ్లు కొత్త కార్డు తీసుకోమని వెంటపడుతున్నారు. మనం పెట్టే ఖర్చులో అర శాతం పిల్లల చదువుల కోసం పనిచేసే సంస్థకు వెళ్తుందట, ఏడాదికి 999 ఫీజు, జీఎస్టీ అదనం. నాకు నెలకు ముప్పై వేల దాకా కార్డు మీదే నడుస్తుంది. ఎలాగూ పెట్టే ఖర్చే కదా, తీసుకుంటే తప్పేంటి?

లెక్కల_మాస్టారు:
తప్పేం లేదు గానీ లెక్క చూడండి. ఏడాదికి 3,60,000 ఖర్చు, అందులో అర శాతం 1,800. ఫీజు 18 శాతం జీఎస్టీతో కలిపి దాదాపు 1,179. అంటే మీ దగ్గర 1,179 తీసుకుని బ్యాంకు 1,800 ఇస్తుంది, పేరు మాత్రం దానికి! ఫీజు లేని కార్డు మీద ఒక శాతం క్యాష్‌బ్యాక్ వచ్చినా 3,600, అదంతా మీరే ఆ సంస్థకు పంపితే పిల్లలకు రెట్టింపు అందుతుంది, ఫీజూ మిగులుతుంది. ఇక ఒక్క నెల బిల్లు పూర్తిగా కట్టలేకపోయారో, నెలకు మూడున్నర శాతం వడ్డీ అనుకుంటే 30,000 మీద జీఎస్టీతో 1,239. ఏడాది పుణ్యంలో చాలావరకు అక్కడే హరీ.

గోదారి_పిల్ల:
మాస్టారూ, క్యాష్‌బ్యాక్ వచ్చిన రోజే తీసి విరాళం పంపేవాళ్లు ఎంతమందండీ? అది బిల్లులో సర్దుబాటైపోతుంది, మనం చూడను కూడా చూడం. మీ 3,600 కాగితం మీదే ఉంటుంది, ఆ 1,800 మాత్రం నిజంగా వెళ్తుంది.

లెక్కల_మాస్టారు:
దానికి కార్డెందుకమ్మా, ఆటోపే ఉందిగా. నెలకు 300 పెట్టి మర్చిపో. 15,000 లోపు అయితే ప్రతిసారీ ఓటీపీ కూడా అడగదు.

అట్లాంటా_బాబాయ్:
ఇది కొత్తదేం కాదు. 1983లో ఇక్కడ అమెరికన్ ఎక్స్‌ప్రెస్ వాళ్లు స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ మరమ్మతుల కోసం, కార్డు వాడిన ప్రతిసారీ ఒక సెంటు, కొత్త కార్డుకి ఒక డాలర్ ఇస్తామన్నారు. 17 లక్షల డాలర్లు పోగయ్యాయి, విగ్రహానికి మంచే జరిగింది, కాదనను. కానీ కార్డు వాడకం కూడా నాలుగో వంతుకు పైగా పెరిగింది. ఇంకో చొక్కా కొంటే పిల్లలకేగా అనిపించేలా చేయడమే దీని కిటుకు.

ట్రస్టు_పద్దులు:
ఓ చిన్న ట్రస్టులో అకౌంట్స్ చూస్తాను. అందరూ ఎంత వెళ్తుందనే అడుగుతున్నారు గానీ ఎవరి పేరున వెళ్తుందని ఎవరూ అడగలేదు. మీరే నేరుగా పంపి పాన్ ఇస్తే, విరాళాలకు పన్ను మినహాయింపు ఇచ్చే 80జీ గుర్తింపు ఉన్న సంస్థ అయితే విరాళం ధ్రువపత్రం మీ పేరున వస్తుంది. కార్డు ద్వారా బ్యాంకే ఇస్తే దాత బ్యాంకే అయ్యే అవకాశం ఎక్కువ, అప్పుడు మీకు రసీదు రాదు. పైగా కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు రసీదు ఉన్నా 80జీ మినహాయింపు లేదు కాబట్టి పన్ను కోసం ఈ కార్డు తీసుకోవడం దండగ. నాకు పన్ను కంటే ముఖ్యమైంది ఇంకోటి ఉంది. బ్యాంకు నుంచి మొత్తం ఒకేసారి వచ్చి పడితే మాకు అందులో ఒక్క పేరూ తెలియదు, కార్డు పథకం ఆపేసిన రోజున ఆ డబ్బూ ఆగిపోతుంది, ఎవరికి ఫోన్ చేసి అడగాలో కూడా తెలియదు. అదే నెలకు రెండు వందలు పంపే మనిషైతే మా పుస్తకంలో ఉంటాడు, జూన్‌లో బడులు తెరిచే ముందు నోటు పుస్తకాలకి తక్కువైతే అడగగలం, ఒకసారి వచ్చి పిల్లల్ని చూసి వెళ్లమని పిలవగలం.

గోదారి_పిల్ల:
ఈ మాట ఒప్పుకుంటా. కానీ ఏమీ ఇవ్వనివాళ్లకి కార్డు నయమే అంటాను, ఇప్పటికీ.

మంగళగిరి_శీను:
సరే, రేపు బ్యాంకుకి ఫోన్ చేసి మూడు అడుగుతా. రసీదు ఎవరి పేరున, ఏడాదికి ఇంతే ఇస్తామని గరిష్ఠ పరిమితి ఏమైనా ఉందా, ఆ సొమ్ముని వాళ్ల సీఎస్‌ఆర్ ఖాతాలో, అంటే కంపెనీలు సమాజసేవకు పెట్టాల్సిన ఖర్చులో, చూపించుకుంటారా అని.

ట్రస్టు_పద్దులు:
ఫోన్లో వద్దు శీను గారూ, మెయిల్‌లో అడగండి. జవాబు వస్తే ఇక్కడ పెట్టండి.