అప్‌డేట్: వైజాగ్‌లో రాత్రి పది దాటాక పదిమందికి జపనీస్ భోజనం, దొరికింది

"పదిమందిమి, ముగ్గురు శాకాహారులు, రాత్రి పది దాటాక ఎక్కడికెళ్లాలి?" అని అడిగింది నేనే. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. సిరిపురం వైపు ఓ చిన్న చోట కుదిరింది.

పనికొచ్చిన సలహా ఒక్కటే: ఎప్పుడు మూస్తారని కాదు, వంటగదిలో ఆఖరి ఆర్డర్ ఎన్నింటికి తీసుకుంటారో అడగమన్నది. ముందురోజే ఫోన్ చేశాం, రెండు టేబుళ్లు కలిపి ఉంచారు. పార్కింగ్ బెంగంతా అనవసరం, ఆ వేళకి రోడ్డు ఖాళీ.

శాకాహారులూ, మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) సూప్‌తో జాగ్రత్త. చేపముక్క కనబడదు గానీ, ఆ సూప్‌కి మూలమైన దాషి అనే రసాన్ని మామూలుగా ఎండు బొనిటో చేప తురుముతోనే తీస్తారు. ముందే చెప్పాం కాబట్టి కొంబు అనే సముద్రపు నాచుతో విడిగా చేసిచ్చారు. పొగలు కక్కుతున్న ఆ గిన్నెల్ని మావాళ్లు నిశ్చింతగా ఖాళీ చేస్తుంటే ప్రాణం లేచొచ్చింది.

రామెన్ (వేడి రసంలో వేసిచ్చే నూడుల్స్) మాత్రం రాగానే తినేయండి. ఫోటోలకని ఆగితే నూడుల్స్ నానిపోతాయి.