పాత ఎక్సెల్ ఫైళ్లు ఎవరూ మార్చకుండా, డిలీట్ చెయ్యకుండా ఎలా ఆపాలి?

గాజువాక నుంచి:
అందరికీ నమస్కారమండి. మాది గాజువాకలో చిన్న లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసు, పోర్టు నుంచి బొగ్గు, ఎరువుల లోడింగ్ చూస్తాం. ఒకటే కంప్యూటర్, విండోస్ 10 హోమ్, నేనూ ఇద్దరు కుర్రాళ్లూ దాని మీదే, అందరికీ ఒకటే లాగిన్. ట్రిప్ షీట్లు, డీజిల్ లెక్కలు, పార్టీల బకాయిలు అన్నీ డి డ్రైవ్‌లో ఎక్సెల్ ఫైళ్లే. కుర్రాళ్లు పాత ట్రిప్ షీట్ తెరిచి అందులోనే లారీ నంబరు, టన్నులు మార్చేసి సేవ్ కొట్టేస్తున్నారు, దాంతో పాతది పోతోంది. మొన్న ఒక నెల ఫోల్డర్ మొత్తం ఎగిరిపోయింది, కావాలని కాదు లెండి, మంచి కుర్రాళ్లే. ప్రాపర్టీస్‌లో రీడ్ ఓన్లీ టిక్ పెట్టినా డిలీట్ అయిపోతోంది. ఏటి చెయ్యాలో కాస్త వివరంగా చెప్పండి, పార్టీ వచ్చి పాత బిల్లు అడిగితే చూపించలేకపోతున్నాం.

మద్దిలపాలెం నుంచి:
అన్నా, ముందు ఆ పోయిన ఫోల్డర్ సంగతి. రీసైకిల్ బిన్‌లో ఉందేమో చూడండి, లేకపోతే డి డ్రైవ్‌లో కొత్తగా ఏదీ సేవ్ చెయ్యొద్దు, రికవరీ సాఫ్ట్‌వేర్ కూడా అందులో ఇన్‌స్టాల్ చెయ్యొద్దు. పాత రకం హార్డ్ డిస్క్ అయితే రెకువా లాంటివాటితో దొరికే ఛాన్స్ బాగానే ఉంటుంది, ఎస్ఎస్‌డీ (కొత్త రకం చిప్ డిస్క్) అయితే ట్రిమ్ వల్ల, అంటే డిలీట్ అయిన చోటుని అది తనంతట తానే ఖాళీ చేసేస్తుంది కాబట్టి, దాదాపు ఆశ వదులుకోవాల్సిందే.

ఇక రీడ్ ఓన్లీ టిక్. అది తాళం కాదండీ, "దీన్ని మార్చొద్దు" అని అంటించిన చీటీ అంతే. ఎక్సెల్ ఆ చీటీ చూసి అదే పేరు మీద సేవ్ చెయ్యనివ్వదు గానీ, ఫోల్డర్‌లో డిలీట్ కొడితే మాత్రం ఫైల్ పోతుంది. అసలు తాళం సెక్యూరిటీ ట్యాబ్‌లో ఉంటుంది, హోమ్ ఎడిషన్‌లో కూడా ఉంది. కానీ అందరూ ఒకే లాగిన్‌లో ఉన్నంతసేపు అది పనికిరాదు, ఎందుకంటే మీరెవరో కుర్రాడెవరో కంప్యూటర్‌కి తెలీదు కదా. కాబట్టి సెట్టింగ్స్‌లో అకౌంట్స్‌కి వెళ్లి కుర్రాళ్లకి వేరే యూజర్ చెయ్యండి, స్టాండర్డ్ యూజర్ అవ్వాలి, అడ్మినిస్ట్రేటర్ కాదు. మీ లాగిన్‌కి పాస్‌వర్డ్ పెట్టండి, వాళ్లకి చెప్పొద్దు.

తర్వాత డి డ్రైవ్‌లో "పూర్తయిన నెలలు" అని ఒక ఫోల్డర్ చెయ్యండి. దాని ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్, అక్కడ డిజేబుల్ ఇన్‌హెరిటెన్స్ (పై డ్రైవ్ నుంచి హక్కులు రాకుండా ఆపడం) కొడితే ఒక ప్రశ్న అడుగుతుంది, కన్వర్ట్ అన్నది ఎంచుకోండి. లిస్టులో ఆథెంటికేటెడ్ యూజర్స్ అని ఉంటుంది చూడండి, అంటే లాగిన్ అయిన వాళ్లందరూ, దానికి మాడిఫై (మార్చే, డిలీట్ చేసే) హక్కు ఉంటుంది, మామూలుగా డి డ్రైవ్‌లో ఎవరైనా ఏదైనా డిలీట్ చెయ్యగలిగేది దీనివల్లే. దాన్ని రిమూవ్ చేసి, యూజర్స్‌కి రీడ్ అండ్ ఎగ్జిక్యూట్ (తెరిచి చూసే హక్కు) మాత్రం ఉంచండి, అడ్మినిస్ట్రేటర్స్‌నీ సిస్టమ్‌నీ ముట్టుకోవద్దు. అంతే, కుర్రాళ్లు తెరిచి చూడగలరు, ప్రింట్ తీసుకోగలరు, మార్చలేరు, డిలీట్ చెయ్యలేరు. ఎవ్రీవన్‌కి (అంటే అందరికీ) డినై, అంటే నిషేధం, పెట్టమని ఎవరైనా చెబితే వినొద్దు, ఎవ్రీవన్‌లో మీరూ ఉంటారు, అలౌ కన్నా డినైదే పైచేయి.

నెల అవ్వగానే ఫైళ్లు మీ లాగిన్‌లోంచి ఇందులోకి కాపీ చెయ్యండి, కట్ చెయ్యొద్దు. ఒకే డ్రైవ్‌లో కట్ చేసి పేస్ట్ చేస్తే ఒక్కోసారి పాత పర్మిషన్లే వెంట వచ్చేస్తాయి, కాపీకి కొత్త ఫోల్డర్ పర్మిషన్లు వస్తాయి.

గాజువాక నుంచి:
చాలా థాంక్సండి. మరి ఈ నెల ఫైళ్లకి డిలీట్ హక్కు ఒక్కటే తీసేసి, రాసుకోనిచ్చేలా పెట్టొచ్చా?

మద్దిలపాలెం నుంచి:
అక్కడే చాలామంది ఇరుక్కుంటారు. మీరు సేవ్ కొట్టినప్పుడు ఎక్సెల్ నేరుగా పాత ఫైల్లో రాయదు, పక్కనే ఒక టెంపరరీ ఫైల్ రాసి, పాతదాన్ని తీసేసి, కొత్తదానికి ఆ పేరు పెడుతుంది. డిలీట్ హక్కు లేకపోతే సేవే అవ్వదు, ఫోల్డర్ నిండా వింత పేర్ల ఫైళ్లు మిగులుతాయి. కాబట్టి నడుస్తున్న నెలని అలాగే ఓపెన్‌గా వదిలెయ్యండి.

ఓవర్‌రైట్ బాధకి మందు వేరే ఉంది. ఖాళీ ట్రిప్ షీట్ ఒకటి చేసి, సేవ్ యాజ్‌లో ఎక్సెల్ టెంప్లేట్ రకంగా సేవ్ చేసి తాళం వేసిన ఫోల్డర్‌లో పెట్టండి, షార్ట్‌కట్ డెస్క్‌టాప్ మీద ఉంచండి. దాని మీద డబుల్ క్లిక్ చేస్తే ప్రతిసారీ పేరు లేని కొత్త షీట్ తెరుచుకుంటుంది, సేవ్ కొడితే ఏ పేరుతో అని అడుగుతుంది. కుర్రాళ్లకి పాత షీట్ తెరవాల్సిన అవసరమే రాదు, నన్నడిగితే మీ బాధలో సగం ఇక్కడే తీరిపోతుంది. లెక్కలు కట్టే గడులు చెరిగిపోకుండా రివ్యూలో ప్రొటెక్ట్ షీట్ కూడా పెట్టుకోండి, కాకపోతే అది పొరపాట్లని ఆపుతుంది తప్ప కావాలని తీసేవాణ్ణి ఆపదు.

అక్కయ్యపాలెం నుంచి:
లినక్స్‌లోనూ ఇదే మెలిక. ఫైల్‌కి 444 (అందరికీ చదివే హక్కు మాత్రమే) పెట్టేసి నిశ్చింతగా ఉంటారు, కానీ డిలీట్ చెయ్యాలంటే చూసేది ఫైల్ పర్మిషన్ కాదు, ఫోల్డర్‌కి రాసే హక్కు ఉందా లేదా అనే. అది ఉంటే 444 ఫైల్ కూడా పోతుంది. ఈఎక్స్‌టీ4 (లినక్స్ డిస్క్ ఫార్మాట్) లో రూట్‌గా, అంటే అక్కడి అడ్మినిస్ట్రేటర్‌గా, chattr +i అనే కమాండ్ కొడితే మాత్రం రూట్ కూడా ముందు అది తీస్తే గానీ ఏమీ చెయ్యలేదు. పెన్ డ్రైవ్ సంగతి గుర్తుంచుకోండి, ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్లలో సెక్యూరిటీ ట్యాబే ఉండదు.

ద్వారకానగర్ నుంచి:
పర్మిషన్లు బానే ఉన్నాయి గానీ బ్యాకప్ కాపీ సంగతి ఎవరూ అనలేదేంటి? 2017 మేలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగే వైరస్) వచ్చినప్పుడు మన రాష్ట్రంలో పోలీసు కంప్యూటర్లకే తగిలింది, మీ లాగిన్‌లోకి వైరస్ వస్తే మీకున్న హక్కులన్నీ దానికీ ఉన్నట్టే. విండోస్ సెక్యూరిటీలో రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్ కింద కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ ఉంటుంది, ఆన్ చేసి డి డ్రైవ్ ఫోల్డర్లు అందులో కలపండి, డిఫెండర్ (విండోస్ సొంత యాంటీవైరస్) బదులు వేరే యాంటీవైరస్ నడుస్తుంటే అది పనిచెయ్యదు. ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్ కొని ఫైల్ హిస్టరీ (విండోస్‌లోనే ఉన్న బ్యాకప్) పెట్టండి, కాపీ అయ్యాక డిస్క్ పీకెయ్యండి, తగిలించి ఉంచితే వైరస్ దాన్నీ తినేస్తుంది. ఇంకొక కాపీ ఆఫీసులో కాకుండా ఇంట్లోనో గూగుల్ డ్రైవ్‌లోనో ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన విశాఖని ఏం చేసిందో మనందరికీ తెలిసిందే, కంప్యూటరూ బ్యాకప్ డిస్కూ ఒకే బల్ల మీద ఉంటే రెండూ ఒకేసారి తడుస్తాయి.

గాజువాక నుంచి:
గూగుల్ డ్రైవ్‌లో పెడితే, ఇక్కడ డిలీట్ అయితే అక్కడా పోదా అండీ?

ద్వారకానగర్ నుంచి:
సింక్ (ఇక్కడి మార్పులు అక్కడా జరిగేలా) పెడితే పోతుంది, కానీ ట్రాష్‌లో 30 రోజులు ఉంటుంది. ఎక్సెల్ ఫైల్ మార్చేసినా మేనేజ్ వెర్షన్స్‌లో పాతవి 30 రోజుల వరకు దొరుకుతాయి. అంటే నెల దాటాక చూసుకుంటే లాభం లేదు, అందుకే ఆ డిస్క్ కాపీ తప్పనిసరి. వారానికోసారి, శనివారం లెక్కలు చూసుకున్నాక తగిలించి తీసెయ్యండి చాలు.