‘పరిశీలిస్తాం’ అంటే ఒప్పుకున్నారనుకున్నాను: చదివిన సిద్ధాంతాన్ని సమావేశంలో వాడేది ఎలా?

నాణ్యత_విభాగం (ప్రశ్న)

పంపుల విడిభాగాలు తయారుచేసే సంస్థలో నాణ్యత విభాగం చూస్తాను. కొనేవారు జపాన్ వాళ్లు, డిజైన్ చూసేది జర్మనీలోని భాగస్వామి సంస్థ. ఇద్దరి మధ్య మా బృందం.

భిన్న సంస్కృతుల వారితో సంభాషణ గురించి నిరుడు శిక్షణ తీసుకున్నాను. ఎడ్వర్డ్ హాల్ చెప్పిన హై కాంటెక్స్ట్ (చాలా సంగతి మాటల్లో కాక సందర్భంలోనే ఉండటం), లో కాంటెక్స్ట్ (సంగతంతా మాటల్లోనే చెప్పడం), దేశాల సంస్కృతుల్ని అంకెల్లో పోల్చే హాఫ్‌స్టెడె కొలతలు అన్నీ శ్రద్ధగా రాసుకున్నాను. ఇప్పుడు పరీక్ష పెట్టినా తడుముకోకుండా రాస్తాను. అయినా రెండు నెలల కిందట ఇలా జరిగింది.

ఒక భాగానికి వాడే లోహాన్ని మార్చుదామని ప్రతిపాదించాం. వీడియో సమావేశంలో అవతల ఆరుగురు ఉన్నారు. ఒక్కో స్లైడ్ అయ్యాక ఆగి, ‘ఇది మీకు సమ్మతమేనా?’ అని అడిగాను. అడిగిన ప్రతిసారీ తల ఊపుతూ ‘హై’ అన్నారు. చివర్లో వాళ్ల మేనేజరు కాసేపు కాగితాల వైపు చూసి, పళ్ల సందుల్లోంచి గాలి లోపలికి పీల్చి, ‘పరిశీలిస్తాం’ అన్నారు. నేను మినిట్స్‌లో ‘ఆమోదించారు’ అని రాసి, మర్నాడే అచ్చుల పని మొదలుపెట్టించాను. ఇరవై రోజుల తర్వాత మెయిల్ వచ్చింది: ‘ఈ మార్పు కొంచెం కష్టంగా ఉంది’. అప్పటికి అచ్చులు సగం పూర్తయ్యాయి.

అదే వారం మా బృందంలో కొత్తగా చేరిన అమ్మాయి గీసిన డ్రాయింగ్ మీద జర్మన్ ఇంజనీరు మెయిల్ పెట్టారు. ‘ఇది తప్పు. మూడో కొలత మళ్లీ లెక్కించండి’. ప్రతులు పదకొండు మందికి వెళ్లాయి. కొలత తప్పే, నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ రోజు నుంచి ఆ అమ్మాయి సమావేశాల్లో నోరు విప్పడం లేదు. అది నన్ను అచ్చుల నష్టం కంటే ఎక్కువగా బాధపెడుతోంది.

రెండూ నేను చదివిన పాఠంలో ఉన్నవే. మరి ఎదుట జరుగుతున్నప్పుడు ఎందుకు పోల్చుకోలేకపోయాను? మీరు స్వయంగా చేసి చూసినవి చెప్పగలరా?

తరగతి_గది

ఈ పాఠం చెప్పే వృత్తిలో ఉన్నాను కాబట్టి మా తరగతుల్లో జరిగే పొరపాటుతోనే మొదలుపెడతాను. హాఫ్‌స్టెడె అంకెల్ని మేం పటంలా గోడకు తగిలిస్తాం. అవి ఎక్కడివో చెప్పం. 1967 నుంచి 1973 వరకు ఐబీఎం ఉద్యోగుల చేత నింపించిన లక్షకు పైగా ప్రశ్నపత్రాల నుంచి ఆయన వాటిని తీశారు. 1980లో పుస్తకంగా వచ్చాయి. అవి దేశాల సగటులను పోల్చడానికే పనికొస్తాయి. తెర మీద కనిపిస్తున్న ఆ ఆరుగురిలో ఏ ఒక్కరి గురించీ చెప్పవు. ఈ మాట ఆయనే హెచ్చరికగా చెప్పారు.

అయినా మీ సంఘటనకు అవి ఒక దారి చూపిస్తాయి. ‘అధికార దూరం’లో, అంటే పైవారికీ కిందివారికీ మధ్య అంతరాన్ని జనం ఎంత సహజంగా తీసుకుంటారన్న కొలతలో, మలేషియాకు 104, ఆస్ట్రియాకు 11. జపాన్‌కు 54, అంటే మధ్యస్థం. ‘అనిశ్చితిని తప్పించుకోవడం’లో, అంటే తెలియనిదాని పట్ల ఎంత ఇబ్బంది పడతారన్న కొలతలో మాత్రం జపాన్‌కు 92, సింగపూర్‌కు 8. మీరు మేనేజరు నోటి నుంచి వచ్చే మాట కోసం చూశారు. అంటే జపాన్‌ను అధికార దూరం వైపు నుంచే చదివారు. ఆ 92ను ముందు పెట్టుకుని ఉంటే వేరే సందేహం వచ్చేది: ‘కొత్త లోహంలో వీరికి ఇంకా తెలియనిది ఏమిటి?’ వారికి కావలసింది పరీక్షల ఫలితాలేమో.

ఇంకొకటి. హాల్ మానవశాస్త్రవేత్త. 1950ల్లో అమెరికా విదేశాంగ శాఖ శిక్షణ సంస్థలో దౌత్య సిబ్బందికి పాఠాలు చెప్పారు. సంస్కృతి గురించి పెద్ద సాధారణీకరణలు వాళ్లకు పట్టలేదు. ఎంత దూరంలో నిలబడాలి, ఎంతసేపు వేచి చూడాలి, గొంతు ఎంత తగ్గించాలి వంటి చిన్న సంగతులే అక్కరకొచ్చాయి. మీరూ ఆ చిన్న సంగతుల దగ్గరికే వెళ్లండి.

దుభాషి

ఇరవై ఏళ్లుగా జపనీస్ సమావేశాల్లో దుభాషిగా పనిచేస్తున్నాను. ఆ జపాన్ మేనేజరు గాలి పీల్చారని రాశారు చూడండి, జవాబు అక్కడే వచ్చేసింది. ‘పరిశీలిస్తాం’ ఆ తర్వాతి మర్యాద. ‘కష్టంగా ఉంది’ అన్న మెయిల్ కొత్త నిర్ణయం కాదు. ఆ రోజు చెప్పిన మాటనే ఇంకాస్త స్పష్టంగా చెప్పారు.

‘హై’ని నిఘంటువు చూసి ‘అవును’ అనుకోకండి. మీరు చెబుతున్నంతసేపూ వచ్చే ‘హై’కి ‘వింటున్నాను, చెప్పండి’ అని అర్థం. కథ వింటున్నవాళ్లు ఊ కొట్టడం లాంటిది. ఊ కొట్టినంత మాత్రాన కథ నిజమని ఒప్పుకున్నట్టు కాదు కదా.

మీ ప్రశ్నలోనూ చిక్కు ఉంది. ‘సమ్మతమేనా?’ అని ఆరుగురి ముందు అడిగితే, కాదనాలంటే మీ మొహం మీద తలుపు వేసినట్టవుతుంది. మర్యాద తెలిసిన మనిషి ఆ పని చేయలేక తల ఊపుతారు. కాదని చెప్పడానికి చోటున్న ప్రశ్న అడగండి. ‘ఈ లోహం గురించి మీ పరీక్షా విభాగం ఏయే వివరాలు అడుగుతుంది?’, ‘ఇది ఎవరెవరు చూడాలి, ఎన్ని రోజులు పడుతుంది?’ అనండి. అభ్యంతరం ఉంటే అది వివరం రూపంలో బయటికొస్తుంది, ఎవరికీ మాట పోదు.

వాళ్లకు ‘నెమవషి’ అనే మాట ఉంది. చెట్టును ఒకచోటి నుంచి మరోచోటికి మార్చే ముందు వేళ్ల చుట్టూ తవ్వి సిద్ధం చేయడం దాని అసలు అర్థం. వ్యాపారంలో ముందే ఒక్కొక్కరినీ కలిసి అభిప్రాయం తెలుసుకోవడాన్ని అలా అంటారు. చాలా సంస్థల్లో ఆ తర్వాత ప్రతిపాదన కాగితం చేతులు మారుతూ తిరిగి, అందరి ముద్రలూ పడతాయి. సమావేశానికి వచ్చేసరికి నిర్ణయం దాదాపు అయిపోయి ఉంటుంది. మీరు మొదటిసారి సమావేశంలోనే చెప్పారంటే వేళ్లు తవ్వకుండా చెట్టును లాగినట్టే.

నిశ్శబ్దం గురించి కూడా చెప్పాలి. ఒకసారి అమ్మేవారు ధర చెప్పారు. కొనేవారు మాట్లాడలేదు. నేను మనసులో లెక్కపెడుతున్నాను, ఎనిమిది సెకన్లు. అమ్మేవారి ప్రతినిధి ఉండబట్టలేక తానే ధర తగ్గించారు. అటువైపు పెద్దాయన అప్పుడు తలెత్తి ఆశ్చర్యంగా చూశారు. ఆయన అంతసేపూ చూస్తున్నది సరకు అందించే తేదీల పట్టిక. దుభాషిగా నోరు విప్పే హక్కు నాకు లేదు. ఆ ఎనిమిది సెకన్లు ఇప్పటికీ గుర్తుకొస్తాయి.

ఇలా చెప్పానని అందరినీ ఒకే గాటన కట్టకండి. విదేశాల్లో పదేళ్లు పనిచేసి వచ్చిన ఒక జపాన్ మేనేజరు నా ముందే ‘వద్దు, ఇది కుదరదు’ అని తేల్చి చెప్పారు. ఎదుటి మనిషిని రెండు మూడుసార్లు గమనించాకే పాఠంలోని మాటను నమ్మండి.

అటువైపు_మెయిల్

జర్మనీలో ఆరేళ్లు డిజైన్ విభాగంలో పనిచేశాను. మీ బృందంలోని అమ్మాయికి ఆ మెయిల్ ఎలా తగిలిందో నాకు బాగా తెలుసు. మొదటి ఏడాది నా డ్రాయింగ్ మీదా అదే వాక్యం వచ్చింది, ఆ రాత్రి నిద్రపోలేదు. మర్నాడు ఆ ఇంజనీరే నవ్వుతూ కాఫీకి పిలిచారు. ఆయన దృష్టిలో తప్పు డ్రాయింగ్‌ది, నాది కాదు. విషయాన్ని మనిషి నుంచి విడదీసి మాట్లాడటాన్ని అక్కడ ‘సాఖ్‌లిష్’ అంటారు, అది మెచ్చుకోలు మాట. మెత్తగా చుట్టి చెబితే నిజం దాస్తున్నారేమోనని అనుమానిస్తారు.

ఇదంతా ఆ అమ్మాయికి విడిగా చెప్పండి. కానీ సర్దుకుపోయే బరువంతా ఆమె ఒక్కదాని మీద పెట్టకండి. ఆ ఇంజనీరుతోనూ సూటిగానే మాట్లాడండి: ‘డ్రాయింగ్ తప్పులుంటే ముందు గీసినవారికీ నాకూ మాత్రమే పంపండి, సరిచేశాక అందరికీ పంపుదాం’. సూటిగా మాట్లాడేవారికి సూటిగా అడిగితే కోపం రాదు. కారణం చెప్పి అడిగినప్పుడు అక్కడి నా సహోద్యోగులు వెంటనే ఒప్పుకున్నారు.

ఎగుమతి_పత్రాలు

విమాన సరకు రవాణాలో ఉన్నప్పుడు మాకు శిక్షణలో చెప్పిన ఉదంతం. 1990 జనవరి 25న కొలంబియా నుంచి న్యూయార్క్ వచ్చిన ఏవియాంకా 52 విమానం గంటకు పైగా గాల్లో చక్కర్లు కొట్టి, ఇంధనం అయిపోయి కూలింది. 158 మందిలో 73 మంది చనిపోయారు. సిబ్బంది ‘ప్రాధాన్యం’ కావాలన్నారు, ఇంధనం అయిపోతోందన్నారు. ‘ఎమర్జెన్సీ’ అన్న మాట మాత్రం కంట్రోలర్లకు చెప్పలేదు. ఆ మాట రాకపోవడంతో కంట్రోలర్లకు ప్రమాదం ఎంత దగ్గరపడిందో అర్థం కాలేదు.

అప్పటి నుంచి నేను మినిట్స్‌లో మూడు మాటలే వాడుతున్నాను. ‘విన్నారు’, ‘చూస్తున్నారు’, ‘రాతపూర్వకంగా ఒప్పుకున్నారు’. వీటి అర్థం ముందే ఇరువైపులా పంపుతాను. మూడోది పడేవరకు ఖర్చు మొదలుపెట్టను.

నాణ్యత_విభాగం

అందరికీ మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. మూడు వారాల్లో చేసింది చెబుతాను.

జర్మన్ ఇంజనీరుకు ఫోన్ చేసి పైన రాసిన మాటలే చెప్పాను. ‘అలాగే, మంచి పద్ధతి’ అన్నారు. పట్టుమని రెండు నిమిషాలు పట్టలేదు. నిన్న ఆ అమ్మాయి ఆయన లెక్కలోనే ఒక లోపం చూపించింది. ‘నిజమే, తప్పు నాది’ అని ఆయన ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఫోన్ పెట్టేశాక ఆమె మొహం చూడాల్సింది.

జపాన్ వారికి మళ్లీ సమావేశం పెట్టమని అడగలేదు. వాళ్ల పరీక్షా విభాగం ఇంజనీరుకు విడిగా రాసి, లోహం గురించి వారికి ఏ వివరాలు కావాలో అడిగాను. రెండో రోజే పద్నాలుగు ప్రశ్నలు వచ్చాయి, ఒక్కోదానికీ నంబరు వేసి. వేడినీటిలో ఎంతకాలం మన్నుతుందన్నది ఎనిమిదోది. అసలు అభ్యంతరం అదేనని నాకు అనిపిస్తోంది, ఎందుకంటే దానికొక్కదానికే ‘మీకు ఇబ్బంది లేకపోతే’ అని ముందు చేర్చారు.

దుభాషి గారూ, ఇబ్బంది లేకపోతేనే అన్నారు కాబట్టి దాన్ని చివరికి ఉంచవచ్చా?

దుభాషి

వద్దండీ. మిగతా పదమూడూ తర్వాత పంపినా ఫరవాలేదు. ఎనిమిదో దానికి రేపే ఫలితాలు పంపండి. పరీక్ష ఇంకా చేయకపోతే ఏ తేదీకి చేస్తారో రాయండి.