నత్తో పులిసిందా, ఊరిందా, మాగిందా?

ప్రశ్న (సొంతూరు గుంటూరు బ్రాడీపేట, ఉద్యోగం జపాన్‌లో):
నమస్కారమండీ. ఇక్కడ చాలామంది పొద్దున్నే వేడన్నంలో నత్తో కలుపుకుని తింటారు. ఉడికిన సోయా గింజలకి ఒక రకం బాక్టీరియా పట్టించి, దాదాపు 40 డిగ్రీల వెచ్చదనంలో ఓ రోజంతా ఉంచితే అయ్యేదే నత్తో. చిన్న డబ్బాలో వస్తుంది, లోపల సోయాసాస్ పొట్లం, ఆవముద్ద పొట్లం ఉంటాయి. పుల్లలతో గిరగిరా తిప్పితే తెల్లగా నురగ కడుతుంది, పైకెత్తితే లేత పాకంలా తీగలు సాగుతుంది. మొదట్లో వాసనకే ముక్కు మూసుకున్నా, ఆవ ఘాటు తగిలాక ముద్ద దిగింది. ఇప్పుడు అలవాటైపోయింది. వీడియో కాల్‌లో చూపిస్తే అమ్మ ముందు "నత్తలా!" అని హడలిపోయింది. కాదని చెప్పాక, "పాసిపోయిన గింజలు తినే ఖర్మేంటే నీకు" అంది. పాసిపోలేదని వాదించాను గానీ, మరి ఏమైందో చెప్పడానికి మాట దొరకలేదు. పులిసిన గింజలు అనొచ్చా?

జవాబు (విజయవాడ, సత్యనారాయణపురం):
అనకండమ్మా. పులియాలంటే పులుపు ఉండాలి. ఇడ్లీ పిండి, మజ్జిగ, తరవాణి ఇవన్నీ పుల్లబడేవే, వాటిలో లాక్టిక్ ఆమ్లం పుడుతుంది. నత్తోలో జరిగేది వేరు. గింజలోని మాంసకృత్తులు విరిగి అమ్మోనియా వాసన వస్తుంది, పులుపు జాడే ఉండదు. పత్రికలవాళ్లు అన్నిటికీ కలిపి 'పులియబెట్టిన' అని రాసేస్తున్నారు, నాకది నచ్చదు. శాస్త్రానికి 'కిణ్వనం' (ఫెర్మెంటేషన్) అనే మాట ఉందనుకోండి. ఫోన్లో ఆ మాట అంటే మీ అమ్మగారు మళ్లీ నత్తల దగ్గరికే వెళ్తారు.

జవాబు (గుంటూరు, అరండల్‌పేట):
ఊరింది అంటే పోలా? ఆవ కూడా ఉందంటున్నారుగా.

జవాబు (సత్యనారాయణపురం):
ఆవ తినేముందు కలిపేదేనండీ, దాంట్లో ఊరబెట్టరు. ఊరాలంటే ఉప్పో, నూనో, పులుసో ముక్కకి పట్టాలి, లేదా ఊట దిగాలి. ఆవకాయ మూడో రోజు తిరగకలిపేటప్పుడు నూనె పైకి తేలి, ముక్క మెత్తబడి ఉంటుంది చూడండి, అదీ ఊరడం. నత్తో తయారీలో ఉప్పే వేయరు.

నా ఓటు 'మాగడం'కి. కారణం వరిగడ్డి. ఇప్పుడంటే డబ్బాలొచ్చాయి గానీ, పాత పద్ధతిలో ఉడికిన గింజల్ని గడ్డి పొట్లాల్లో కట్టి వెచ్చగా దాచేవారు. గడ్డిని మరిగే నీళ్లలో వేస్తే మిగతా సూక్ష్మజీవులు చాలావరకు చస్తాయి, ఈ బాక్టీరియా బీజాలు మాత్రం తట్టుకుంటాయి. గింజలకి అంటుకునేవి అవే. మనం నూజివీడు రసాలకి కింద గడ్డి పరిచి, పైన గడ్డి కప్పి గదిలో పెట్టమూ? అక్కడ గడ్డి చేసేది వెచ్చదనం నిలపడమే, ఇక్కడ అసలు పనే గడ్డిది. అయినా గడ్డిలో వేసి, వేచి, పక్వానికి తెచ్చుకునే పని గనక మాగేయడమే. మావైపు ముగ్గేయడం అని కూడా అంటాం. ముక్కిపోవడంతో కలిపేయకండి. ముగ్గిన పండు తింటాం, ముక్కిన పప్పు పారేస్తాం.

జవాబు (అరండల్‌పేట):
మాగడం కాయలకేనండీ. మాగితే తియ్యబడాలి, కమ్మటి వాసన రావాలి. ఈవిడేమో ముక్కు మూసుకున్నానంటున్నారు.

జవాబు (సత్యనారాయణపురం):
కాయలకే అని ఎవరన్నారు? రైతునడగండి, బాగా మాగిన పశువుల ఎరువు వేశానంటాడు. అందులో తీపేముంది? పదార్థం తనంతట తాను మగ్గి, పనికొచ్చే స్థితికి వస్తే మాగినట్టే. జపాన్‌లో కూడా ఆ వాసన అందరికీ పడదట. మితో ఊరివాళ్లు నత్తోకి ప్రసిద్ధి, ఒసాకా వైపు చాలామంది ఇష్టపడరు.

ప్రశ్న అడిగినావిడ:
'గడ్డిలో మాగేసిన సోయా గింజలు' అని చెప్పానండీ. అమ్మ ఒప్పుకుంది, కానీ "కాస్త నెయ్యేసుకో" అంది. ఎరువు సంగతి మాత్రం ఆవిడ చెవిన వేయను.