చిన్న కంపెనీ ‘ఇన్వెస్టర్ మీట్’కి పిలిచింది, వెళ్లాలా?

మలక్‌పేట పెన్షనర్:
అందరికీ నమస్కారం. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. జీడిమెట్లలో ఫ్యాక్టరీ ఉన్న ఒక ఎస్ఎంఈ (చిన్న, మధ్యతరహా) కంపెనీవి ఐపీఓలో దక్కిన ఒక లాట్ షేర్లు నా దగ్గరున్నాయి. మొన్నటిదాకా దాని పేరెత్తినవాడు లేడు. ఇప్పుడు చూస్తే యూట్యూబ్‌లో ఎండీ ఇంటర్వ్యూలు, వాట్సాప్ గ్రూపుల్లో పీడీఎఫ్‌లు. తాజాగా బంజారాహిల్స్‌లోని ఒక హోటల్లో మీట్, ఆపైన డిన్నర్ అని ఆహ్వానం. “మంచి కంపెనీ కాబట్టే ధైర్యంగా ముందుకొస్తోంది మామయ్యా” అంటాడు మా అల్లుడు. ఇన్నాళ్లూ లేని ప్రేమ ఇప్పుడెందుకా అని నా టెన్షన్. ఇది మామూలేనా?

ఉప్పల్ కుర్రాడు:
డిన్నర్ బాగుంటుంది అంకుల్, వెళ్లండి. ఫోన్‌లో ట్రేడింగ్ యాప్ మాత్రం తీసేసి వెళ్లండి.

మాజీ కంపెనీ సెక్రటరీ:
సార్, చిన్న లిస్టెడ్ కంపెనీల్లో సెక్రటరీగా చేశాను, ఇలాంటి మీట్లకు హాళ్లు బుక్ చేసిన చేతులే ఇవి. ప్రచారం చేసుకోవడం దానంతటది తప్పేం కాదు. పెద్ద కంపెనీల గురించి రిపోర్టులు రాయడానికి బ్రోకరేజీలు పోటీపడతాయి. నలభై కోట్ల టర్నోవర్ ఉన్నవాణ్ని ఎవరూ పట్టించుకోరు, తన సంగతి తనే చెప్పుకోవాలి. అందుకోసం ఐఆర్ ఏజెన్సీని, అంటే ఇన్వెస్టర్లతో సంబంధాలు చూసే సంస్థను పెట్టుకుంటారు. స్లైడ్లు చేసేదీ, హాలు నింపేదీ, యూట్యూబ్ యాంకర్‌తో మాట్లాడేదీ వాళ్లే. ఇంటర్వ్యూ ప్రశ్నలు చాలాసార్లు మా ఆఫీసు నుంచే వెళ్లేవి. “వచ్చే మూడేళ్లకు మీ విజన్ ఏంటి సార్?” అని ఎవరైనా అడిగితే నాకిప్పటికీ నవ్వొస్తుంది.

మీరు పట్టుకున్న ప్రశ్నే సరైనది: ఈ ఖర్చు ఇప్పుడే ఎందుకు? జవాబు హోటల్లో దొరకదు, స్టాక్ ఎక్స్ఛేంజ్ సైట్‌లో కంపెనీ అనౌన్స్‌మెంట్లలో వెతకండి. ప్రిఫరెన్షియల్ ఇష్యూ, అంటే ఎంచుకున్న కొందరికే కొత్త షేర్లు ఇవ్వడం, ఏమైనా చేశారా? అందులో ప్రమోటర్లు (కంపెనీని నడిపించే యజమానులు) కానివాళ్లకు ఇచ్చిన షేర్ల లాకిన్, అంటే అమ్మకూడని గడువు, ట్రేడింగ్ అనుమతి వచ్చిన రోజు నుంచి 6 నెలలే. వారంట్లయితే, అంటే ముందే ఖరారైన ధరకు తర్వాత షేర్లు తీసుకునే హక్కులైతే, సంగతి ఇంకా రుచిగా ఉంటుంది. ముందు పావు వంతు డబ్బు కట్టి తీసుకుంటారు, మిగతా ముప్పావు 18 నెలల్లోపు కట్టాలి. మార్కెట్ ధర వారంట్ ధర కంటే కిందే ఉంటే ఆ ముప్పావు కట్టే అమాయకుడు ఉండడు, కట్టిన పావు పోయినా సరే అనుకుంటాడు. అందుకే గడువు దగ్గరపడే కొద్దీ ఇంటర్వ్యూలు పెరుగుతాయి. ఐపీఓకి ఏడాది నిండే సమయం కూడా చూసుకోవాలి, ప్రమోటర్లు కాని పాత వాటాదారుల లాకిన్ అప్పుడే తీరుతుంది.

ఇంకోటి. అనలిస్టులు, సంస్థాగత ఇన్వెస్టర్లతో గ్రూప్ మీట్ పెడితే కనీసం రెండు పనిదినాల ముందే ఎక్స్ఛేంజ్‌కి చెప్పాలి, చూపించే ప్రెజెంటేషన్ కూడా అక్కడ పెట్టాలి. మీకొచ్చిన ఆహ్వానం తాలూకు ముక్క అక్కడ లేకపోతే ఎందుకు లేదో ఆలోచించండి.

అవార్డుల స్లైడ్ వస్తే మాత్రం ఆ కాసేపు టీ తాగండి. మన సత్యం కంప్యూటర్స్‌కి 2008లో కార్పొరేట్ గవర్నెన్స్‌కే (కంపెనీని నిజాయితీగా నడిపినందుకే) గోల్డెన్ పీకాక్ అవార్డు ఇచ్చారు. దాని లెక్కల మోసం బయటపడ్డ 2009 జనవరి 7 గురించి హైదరాబాద్‌లో ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఎల్‌బీ నగర్ ట్రేడర్:
యూట్యూబ్ అన్నారు కాబట్టి. సాధనా బ్రాడ్‌కాస్ట్ అనే కంపెనీ షేర్ మీద 2023 మార్చిలో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు చదవండి. 2022లో ఆ షేర్ మీద తప్పుడు వీడియోలు పెట్టి, డబ్బు పోసి వ్యూస్ తెచ్చారని అందులో ఉంది. చిన్న వాటాదారులు 2,167 మంది నుంచి 55,343 మందికి పెరిగారు. వీళ్లు కొంటుంటే అమ్మినవాళ్లలో ప్రమోటర్లు కూడా ఉన్నారు. లైకులు లెక్కపెట్టడం మానేసి ఎక్స్ఛేంజ్ సైట్‌లో బల్క్ డీల్స్ చూడండి. కంపెనీ షేర్లలో 0.5 శాతానికి మించి ఒకే క్లయింటు ఒకే రోజు చేసిన లావాదేవీలు పేరుతో సహా అక్కడ కనబడతాయి.

మలక్‌పేట పెన్షనర్:
వెతికాను. పోయినేడాది వారంట్లు ఇచ్చారు, తీసుకున్నవాళ్లలో ప్రమోటర్ కుటుంబం పేర్లు తక్కువే. గడువు దసరా దాటాక ముగుస్తుంది. కానీ ఫ్యాక్టరీ నడుస్తోంది, లాభమూ చూపిస్తున్నారు. మరి అమ్మేయాలా?

మాజీ కంపెనీ సెక్రటరీ:
అమ్మమనీ ఉంచుకోమనీ చెప్పడానికి నాకు సెబీ రిజిస్ట్రేషన్ లేదు సార్. వెళ్లదలిస్తే వెళ్లండి, విజన్ జోలికి పోకుండా బాకీల గురించి అడగండి. అమ్మిన సరుకుకి డబ్బు ఎన్ని రోజులకు చేతికొస్తోంది, లాభం పెరిగిన ఏడాది క్యాష్ ఫ్లో ఎందుకు మైనస్‌లో ఉంది, ఇలా. ఎస్ఎంఈ కంపెనీ ఫలితాలు ఆరు నెలలకోసారి ఇస్తే చాలు. మధ్యలో వచ్చే ప్రెస్ నోట్లలో ఎంఓయూలను (ఉత్త అవగాహన ఒప్పందాలను) కూడా ఆర్డర్లలాగే రాస్తారు, ఆ రెండిటికీ తేడా ఎండీనే చెప్పమనండి.

ఒక జాగ్రత్త మాత్రం ఉంది. డిన్నర్ దగ్గర ఎవరైనా పక్కకు తీసుకెళ్లి “పెద్ద ఆర్డర్ వస్తోంది, మీకు మాత్రమే చెబుతున్నా” అంటే వెంటనే అక్కడి నుంచి జారుకోండి. అది నిజమైతే, ఎక్స్ఛేంజ్‌లో ప్రకటించకముందు మీరు కొన్నది ఇన్‌సైడర్ ట్రేడింగ్ కిందికి వస్తుంది. అబద్ధమైతే సంగతి మీకే తెలుసు. ఏజీఎం (వాటాదారుల వార్షిక సమావేశం) నోటీసు వచ్చినప్పుడు స్పీకర్‌గా పేరు కూడా నమోదు చేసుకోండి. అక్కడ మీరు అతిథి కాదు, వాటాదారు.